అరుంధతి కనిపించిందా? నిజం చెప్పండి

డాబా_దుర్భిణి (విజయవాడ):
నా వివాహం పన్నెండేళ్ల క్రితం వైశాఖ మాసంలో, పగలు పదకొండు గంటల ముహూర్తానికి జరిగింది. తలంబ్రాల బియ్యం ఇంకా జుట్టులో ఉండగానే పురోహితులు మా ఇద్దరినీ మండపం వెలుపలికి తీసుకువచ్చి, ఉత్తర దిక్కుగా వేలు చూపించి, "అదిగో అరుంధతి, కనిపించిందా నాయనా?" అని అడిగారు. నెత్తిన ఎండ మండుతోంది, కళ్లలోకి చెమట కారుతోంది, పక్కన జనరేటరు పొగ. నేను ఏమాత్రం తడుముకోకుండా "కనిపించిందండీ" అన్నాను. మా ఆవిడ కూడా తల ఊపింది. వీడియో తీస్తున్న అబ్బాయి "సార్, చెయ్యి సరిగ్గా పడలేదు, ఇంకొక్కసారి చూపించండి" అనడంతో మాకు అరుంధతి రెండోసారి కూడా కనిపించింది.

పోయిన వారం మా అబ్బాయి కంప్యూటర్‌లో స్టెల్లేరియం అనే ఆకాశ పటం తెరిచి, మా పెళ్లి తేదీ, వేళ, ఊరు నమోదు చేసి చూపించాడు. ఆ సమయంలో అరుంధతి ఉండే సప్తర్షి మండలం మొత్తం ఉత్తర దిగంతానికి కింద ఉన్నది. అంటే పురోహితులు వేలు చూపించవలసినది ఆకాశం వైపు కాదు, మండపం ముందు పరిచిన నాపరాళ్ల వైపు. పట్టపగలు చుక్కలు చూపించడమనే మాట విన్నాను గాని, నేల కింద ఉన్న చుక్కను చూసి తల ఊపిన ఘనత నాకే దక్కిందా, లేక తోడెవరైనా ఉన్నారా అన్నది తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

గోదారి_గట్టు:
తోడు ఉన్నాము. మాది కార్తీక మాసంలో రాత్రి ఎనిమిదిన్నర ముహూర్తం. ఆకాశం నిర్మలంగా ఉన్నది, ఈశాన్యంలో ధగధగ మెరుస్తున్న చుక్కను పురోహితులు ఎంతో నమ్మకంగా చూపించారు, మేము అంతే నమ్మకంగా దండం పెట్టుకున్నాము. తరువాత తెలిసినదేమిటంటే, ఆ రోజుల్లో సప్తర్షులు సాయంత్రానికే అస్తమించి, అర్ధరాత్రి దాటాక గాని తిరిగి ఉదయించరు. మేము చూసినది బ్రహ్మహృదయమనే వేరొక నక్షత్రం. సాక్షి మారినా కాపురం సజావుగానే సాగుతోంది కనుక ఫిర్యాదు ఏమీ లేదు.

పంచాంగం_పంతులు:
ముప్పై ఏళ్లుగా పౌరోహిత్యం చేస్తున్న వాడిని కనుక మా వైపు మాట కూడా వినండి. పెళ్లి వంటి సంస్కారాల పద్ధతి చెప్పే గృహ్యసూత్రాలు చెప్పినది నక్షత్రాలు పొడిచిన తరువాత బయటికి వచ్చి ధ్రువుణ్ణీ అరుంధతినీ చూపించమని. పూర్వం పెళ్లంటే అయిదు రోజులు, రాత్రి కోసం ఆగడానికి ఎవరికీ తొందర ఉండేది కాదు. ఇప్పుడు సాయంత్రం నాలుగు గంటలకు మండపం ఖాళీ చేసి, తరువాతి పెళ్లివారికి అప్పగించాలి. అందువల్ల పగటి ముహూర్తాలలో మేము చూపించేది నక్షత్రాన్ని కాదు, దిక్కును మాత్రమే. ఆమె అక్కడ ఉన్నదని భావించి నమస్కరించమని అర్థం.

ఒక్క సంగతి ఒప్పుకుంటాను. ఇన్నేళ్లలో ఒకే ఒక్క పెళ్లికొడుకు, ఏదో పరిశోధన చేస్తున్న కుర్రవాడు, "నాకేమీ కనిపించలేదండీ" అన్నాడు. సన్నాయి ఆగిపోయింది. నేను మళ్లీ చూపించాను, అతను మళ్లీ లేదన్నాడు. చివరికి మామగారు ముందుకు వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "కనిపించిందను బాబూ, అవతల విస్తళ్లు వేశారు" అని బతిమాలుకోవలసి వచ్చింది. ఆ రోజు నుంచి నేను "కనిపించిందా?" అని అడగడం మానేసి, "నమస్కారం చేసుకోండి" అని మాత్రమే అంటున్నాను.

మెల్‌బోర్న్_మేనమామ:
మీరంతా అదృష్టవంతులు, మీకు కనీసం వేరే వేళకైనా కనిపిస్తుంది. మా మేనకోడలి పెళ్లి ఇక్కడ మెల్‌బోర్న్‌లో జరిగినప్పుడు నేను ముందుచూపుతో దుర్భిణి కూడా సిద్ధం చేసుకున్నాను. తీరా లెక్క వేస్తే, ఈ ఊరు భూమధ్యరేఖకు దాదాపు 38 డిగ్రీలు దక్షిణాన ఉన్నందువల్ల, అరుంధతీ వసిష్ఠులు ఏడాదిలో ఏ రాత్రీ, ఏ గంటకూ దిగంతం దాటి పైకి రారని తేలింది.

దానికి బదులు ఇక్కడ ఏడాది పొడుగునా, రాత్రి ఏ వేళ చూసినా అస్తమించకుండా ఉండేది త్రిశంకుడనే చుక్కల గుంపు. రామాయణ కథ తెలిసిన వారికి ఇందులోని చమత్కారం వెంటనే తెలుస్తుంది. త్రిశంకుడనే రాజు తనను బొందితో స్వర్గానికి పంపమంటే వసిష్ఠుడు కాదన్నాడు, విశ్వామిత్రుడు పంపించాడు, ఇంద్రుడు తోసేస్తే అతను తలకిందులుగా దక్షిణాకాశంలో నిలిచిపోయాడు. విశ్వామిత్రుడు పట్టుదలకు పోయి దక్షిణాన వేరే సప్తర్షులను కూడా సృష్టించాడంటారు. అంటే మేము కాపురం పెట్టినది పూర్తిగా విశ్వామిత్రుడి ఇలాకాలో, వసిష్ఠుల వారి దంపతులకు ఇక్కడ ప్రవేశమే లేదు. మా పురోహితులు ఈ సంగతి విని, ఒక్క క్షణం ఆలోచించి, వధూవరులకు సెల్‌ఫోన్ తెరమీద సప్తర్షి మండలం బొమ్మ చూపించారు. "కనిపించిందా?" అంటే ఆ ఇద్దరూ అబద్ధం ఆడకుండా అవునన్నారు.

జెర్సీ_కోడలు:
అయితే ముహూర్తాలన్నీ మా న్యూజెర్సీలో పెట్టుకోండి. ఇక్కడ ఆ జంట అసలు అస్తమించదు. శీతకాలం మొదట్లో సాయంత్రాలు మరీ కిందికి దిగి చెట్ల వెనక దాక్కుంటుంది, అంతే. మబ్బు పట్టకుండా చూసుకునే పూచీ మాత్రం మాది కాదు.

అర్ధరాత్రి_లెక్కలు:
ఈ సందర్భంలో వాట్సాప్‌లో తిరిగే ఒక సందేశం గురించి చెప్పాలి. "మిగిలిన జంట నక్షత్రాలలో ఒకటి రెండోదాని చుట్టూ తిరుగుతుంది, అరుంధతీ వసిష్ఠులు మాత్రం ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు, అందుకే పూర్వులు వారిని ఎంచుకున్నారు" అని దాని సారాంశం. బంధంలో ఉన్న ఏ రెండు నక్షత్రాలైనా తమ ఉమ్మడి కేంద్రం చుట్టూనే తిరుగుతాయి, కాబట్టి మొదటి మాటే పొరపాటు. ఇక ఈ ఇద్దరి మధ్య దూరం తక్కువలో తక్కువ పావు కాంతి సంవత్సరం ఉంటుంది. నిజంగా కట్టుబడి తిరుగుతున్నా ఒక్క ప్రదక్షిణకు లక్షల సంవత్సరాలు పడుతుంది. మన వాళ్లు ఏడడుగులతో సరిపెట్టడం మేలు చేసింది.

అయితే అసలు సంగతి ఆ సందేశం కంటే రుచిగా ఉంటుంది. వసిష్ఠుణ్ణి చిన్న టెలిస్కోపుతో చూస్తే రెండు చుక్కలుగా విడిపోతాడు. ఆ రెండింటిలో ప్రకాశవంతమైనది మళ్లీ జంట అని 1889లో వర్ణపటం పరిశీలించి పికరింగ్ అనే ఖగోళ శాస్త్రవేత్త ప్రకటించాడు. రెండోది కూడా జంటేనని తరువాత తేలింది. అరుంధతి పక్కన మసక మసకగా ఉన్న ఒక ఎర్రని మరుగుజ్జు నక్షత్రం 2009లో గాని బయటపడలేదు. మనం ఆదర్శ దంపతులని దండం పెడుతున్నది మొత్తం ఆరుగురున్న ఉమ్మడి కుటుంబానికి.

సప్తర్షులు ఏడుగురూ ఒక్క జట్టు అనుకోవడం కూడా పొరపాటే. మధ్యనున్న అయిదుగురూ అంతరిక్షంలో ఒకే దిశగా కలిసి ప్రయాణిస్తున్నారు, ఆ చివర క్రతువు, ఈ చివర మరీచి మాత్రం ఎవరి దారి వారిదే. కొన్ని వేల ఏళ్లు గడిచేకొద్దీ ఆకారం కొద్దికొద్దిగా చెదిరిపోతుంది.

ఇంకొకటి. అరుంధతీ వసిష్ఠులు మనకు దాదాపు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నారు. మా తాతగారి పెళ్లి 1944లో జరిగింది. ఆ రాత్రి వధూవరులిద్దరూ చూసిన వెలుగు అంతకు ఎనభై ఏళ్ల ముందటిది. వారు పైకి చూస్తున్న ఆ కాలంలో అక్కడ బయలుదేరిన వెలుగు, దారిలో ఎక్కడా ఆగకుండా, ఈ మధ్యనే మన డాబాల మీదికి చేరింది. తాతగారూ నాయనమ్మా ఇప్పుడు లేరు.

నులక_మంచం:
పైన ఇంత పాండిత్యం చూశాక మా అమ్మమ్మగారి ఖగోళ శాస్త్రం చెప్పడానికి మొహమాటంగా ఉన్నది. వేసవిలో వాకిట్లో పడుకున్నప్పుడు ఆమె మాకు సప్తర్షులని చెప్పలేదు, ముసలమ్మ మంచమని చెప్పింది. నాలుగు చుక్కలు మంచం కోళ్లు, వెనక వరుసగా ఉన్న మూడూ దాన్ని ఎత్తుకుపోతున్న దొంగలు. ఈ లెక్కన వసిష్ఠుల వారు నడిమి దొంగ అవుతారు. మరి ఆ పక్కన చిన్న చుక్క ఎవరని అడిగితే, "దొంగ పెళ్లాం, ఇంటికి రమ్మని వెంటపడుతోంది" అన్నది. పెళ్లి అయ్యాక నాకు ఆ సమాధానం మరింత నచ్చింది.

పంచాంగం_పంతులు:
అమ్మమ్మగారికి నమస్కారాలు. చూడదలచుకున్న వారికి దారి చెబుతాను, శాస్త్రంలో దీనికి స్థూలారుంధతీ న్యాయమని పేరే ఉన్నది. సూక్ష్మమైనది చూపించాలంటే ముందు స్థూలమైనది చూపించాలి. వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో రాత్రి తొమ్మిది గంటల వేళ ఉత్తరాభిముఖంగా నిలబడండి. ఆకాశంలో సగానికి పైగా ఎత్తున బోర్లించిన గరిటెలాగా సప్తర్షులు ఉంటారు. గరిటె కాడలో మూడు చుక్కలుంటాయి, వాటిలో నడిమిది వసిష్ఠుడు. అతని మీదనే చూపు నిలిపితే, చంద్రబింబం వెడల్పులో సగం కూడా లేని దూరంలో, ఒదిగి నిలబడినట్టు అరుంధతి ఉంటుంది. పట్నాల్లో వీధి దీపాల వల్ల ఆమె కంటికి ఆనదు, మామూలు బైనాక్యులర్స్ ఉంటే చాలు.

డాబా_దుర్భిణి:
పంతులుగారు చెప్పినట్టే నిన్న రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడను డాబా మీదికి తీసుకువెళ్లాను. నీళ్ల ట్యాంకు నీడలో నిలబడితే ఎదురింటి లైటు అడ్డం రాలేదు. వసిష్ఠుడు వెంటనే దొరికాడు. బైనాక్యులర్స్ ముందు ఆమె చేతికి ఇచ్చాను. అర నిమిషం అటూ ఇటూ తిప్పి, "ఉంది, పక్కనే ఉంది, ఎంత బుల్లిగా ఉందో" అన్నది. తరువాత నేను తీసుకుంటే చెయ్యి వణికి చుక్కలన్నీ పురుగుల్లాగా పాకడం మొదలుపెట్టాయి. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూశాను గాని ఒక్కటే కనిపించింది. పన్నెండేళ్ల తరువాత మొదటిసారి నిజం చెబుదామని, "నాకు కనిపించలేదు" అన్నాను.

"అప్పుడు రెండుసార్లు కనిపించిందన్నారుగా," అని ఆమె కిందికి దిగిపోయింది. ఈ రాత్రి స్టాండు సంపాదించి మళ్లీ చూస్తాను.