‘పురుషసంయోగులు’ అంటే నేటి స్వలింగ సంపర్కులేనా?

ప్రశ్న:
మొదటి కొరింథీయులకు పత్రిక 6వ అధ్యాయం 9వ వచనంలో, దేవుని రాజ్యానికి వారసులు కాలేనివారి వరుసలో ‘ఆడంగితనము గలవారు’, ‘పురుషసంయోగులు’ అనే మాటలు పక్కపక్కనే ఉన్నాయి. స్వలింగ సంబంధాలను వివిధ మతాలు ఎలా చూస్తాయో వివరించే వ్యాసం ఒకటి రాస్తున్నాను. ఈ రెండింటినీ కలిపి ‘స్వలింగ సంపర్కులు’ అని రాయవచ్చునా? ఇతర మతగ్రంథాలలో దీనికి సరితూగే మాటలున్నాయా? పెద్దలు తెలియజేయగలరు.

మొదటి సమాధానం:
రాయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. గ్రీకు మూలంలోని మొదటి మాట ‘మలకోయ్’; దాని సామాన్యార్థం మెత్తనివారు అని. మత్తయి సువార్త 11వ అధ్యాయంలో రాజగృహాలలో ఉండేవారు ధరించే ‘సన్నపు బట్టలు’ అన్నచోట మూలంలో ఉన్నదీ ఈ విశేషణమే. మనుషులకు వాడినప్పుడు సుఖలోలత్వం, పురుషుడికి తగదని ఆ కాలం వారు తలచిన మెతకదనం, సంభోగంలో స్త్రీ స్థానంలో ఉండటం వంటి అనేక ఛాయలు దానికి ఉన్నాయి. రెండవది ‘అర్సెనోకోయితాయ్’, ‘పురుషుడు’, ‘పడక’ అనే పదాల సమాసం. ఈ పత్రిక రాసిన పౌలుకు ముందు దీనిని ఎవరైనా వాడిన దాఖలా దొరకలేదు. లేవీయకాండం 20వ అధ్యాయం 13వ వచనపు ప్రాచీన గ్రీకు అనువాదంలో ఆ రెండు పదాలూ కలిసి కనిపిస్తాయి కనుక, అక్కడి నుంచే ఈ సమాసం పుట్టి ఉంటుందని చాలామంది పండితులు భావిస్తారు. ఆ లెక్కన ‘పురుషసంయోగులు’ అన్న తెలుగు ఎంతో నిక్కచ్చిగా కుదిరింది. అది చేసే పనిని చెబుతుందే తప్ప, ఎవరి మనసు ఎవరివైపు మొగ్గుతుందన్న సంగతి జోలికి పోదు.

పదహారవ శతాబ్దపు క్రైస్తవ సంస్కర్త లూథర్ తన జర్మన్ బైబిలులో ఇదే పదానికి బాలురను చెరచేవారు అనే అర్థం వచ్చే మాట వేశాడు. 1946లో అమెరికాలో వెలువడిన ఆంగ్ల అనువాదం రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్, అంటే ఆర్‌.ఎస్‌.వి. కొత్త నిబంధన మాత్రం, మీరు చేయదలచుకున్నట్లే, రెండు గ్రీకు పదాలనూ కలిపి ‘హోమోసెక్సువల్స్’ అని ఒక్క మాటతో సరిపెట్టింది. 1971 నాటి రెండవ కూర్పులో ఆ మాటను తొలగించారు. హోమోసెక్సువల్ అనే పదమే 1869లో జర్మన్‌లో తొలిసారి అచ్చయింది. ఏమీ చేయకుండా ఊరక కూర్చున్న మనిషికి కూడా వర్తించే స్వభావనామం అది. మన ‘స్వలింగ సంపర్కులు’ వ్యుత్పత్తి రీత్యా చేష్టను సూచిస్తున్నా, పత్రికల వాడుకలో ఆ స్వభావనామంగానే స్థిరపడింది. పైగా అందులో స్త్రీలు కూడా ఉన్నారు. పౌలు మాటలో లేరు.

ఒక అభ్యంతరం:
పదవిచారణ బాగున్నది గాని, దానితో బోధ మారిపోతుందన్న భ్రమ కలగరాదు. రోమీయులకు పత్రిక 1వ అధ్యాయంలో స్త్రీల ప్రస్తావన స్పష్టంగానే ఉన్నది. ‘స్వాభావిక విరుద్ధమైన’ అన్న మాట అక్కడిదే. సంఘం శతాబ్దాల తరబడి ఈ వచనాలన్నిటినీ కలిపి చదివి, స్త్రీపురుషుల వివాహానికి వెలుపలి సంబంధాన్ని పాపమని చెప్పింది. ఇటీవల కొన్ని శాఖలు వేరే నిర్ణయాలు తీసుకున్నది నిఘంటువులు చూసి మాత్రమే కాదు కదా.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
మీ మాటలో న్యాయముంది. 2024లో యునైటెడ్ మెథడిస్టు సంఘం అనే ప్రొటెస్టంట్ శాఖ, స్వలింగ సంపర్కం క్రైస్తవ బోధకు పొసగదని 1972 నుంచి తన నియమావళిలో ఉన్న వాక్యాన్ని తొలగించినప్పుడు, జరిగినది వ్యాకరణ చర్చ ఒక్కటే కాదు. అయితే చేష్టకూ మనిషికీ మధ్య గీత గీయడం సంప్రదాయవాదులు కూడా చేస్తున్న పనే. కథోలిక ధర్మోపదేశం ఆ చేష్టలను తప్పుగా నిర్ణయిస్తూనే, అటువంటి మొగ్గు ఉన్నవారిని గౌరవంతో, కనికరంతో స్వీకరించాలనీ, వారిపట్ల అన్యాయమైన వివక్ష చూపరాదనీ అంటుంది. రెండింటికీ ఒకే పేరు పెట్టేస్తే ఆ బోధను కూడా మనం సరిగా చెప్పలేము. ఇక ‘స్వాభావిక విరుద్ధం’ అన్నచోటి గ్రీకు పదబంధాన్నే పౌలు అదే పత్రిక 11వ అధ్యాయంలో, అడవి ఒలీవ కొమ్మను దేవుడు మంచి ఒలీవకు అంటుకట్టిన సందర్భంలోనూ వాడాడు. అందువల్ల మొదటి అధ్యాయంలోని తీర్పు చెరిగిపోదు గాని, ఆ పదబంధం తనంతట తానే నిందార్థకమని మాత్రం అనలేము.

మరొక సభ్యులు:
సంస్కృతం వైపు చూస్తే చిక్కు మరో రకంగా ఉంటుంది. మనుస్మృతి 11వ అధ్యాయంలో ‘మైథునం పుంసి’ (పురుషునితో సంభోగం) జాతిభ్రంశకరాలలో, అంటే జాతి నుంచి పతనం చేసే పాపాలలో ఒకటి. అదే అధ్యాయంలో మరికొంత ముందుకు పోతే, పురుషునితోనైనా, ఎడ్లబండిలోనో నీటిలోనో పగటిపూటనో స్త్రీతోనైనా కూడిన ద్విజుడు కట్టుబట్టలతో స్నానం చేయాలన్న ప్రాయశ్చిత్తంతో సరిపెట్టారు. కన్యను చెరచిన స్త్రీకి 8వ అధ్యాయంలో వేళ్లు నరకడం వరకూ శిక్ష ఉంది. అక్కడి పట్టింపు కన్యాత్వం గురించి. ఇవన్నీ చేష్టలను గురించిన మాటలే. కామసూత్రం మాత్రం ‘తృతీయా ప్రకృతి’ (మూడవ ప్రకృతి) స్త్రీరూపిణి, పురుషరూపిణి అని రెండు విధాలంటూ మనుషులకే పేరు పెడుతుంది. ‘ప్రకృతి విరుద్ధం’ అని నేడు అలవోకగా వాడేవారికి ఈ ‘ప్రకృతి’ కొంత ఇబ్బంది కలిగించక మానదు.

నన్ను బాగా ఆకట్టుకున్నది జైనుల పరిభాష. వారి కర్మసిద్ధాంతంలో ‘వేదం’ అంటే గ్రంథం కాదు, కామవాంఛ. స్త్రీవేదం పురుషుని కోరేది, పుంవేదం స్త్రీని కోరేది, నపుంసకవేదం ఇద్దరినీ కోరేది. దేహపు గుర్తు వేరు, లోపలి వాంఛ వేరు అనే విభజన అందులో స్పష్టంగా ఉంది. నేటి పరిభాష చేసే పనికి ఇంత దగ్గరగా వచ్చిన పాత మాట మరొకటి నాకు తెలియదు. అలాగని దీనిని ఆమోదంగా పొరబడరాదు. వారి దృష్టిలో మూడు వేదాలూ బంధహేతువులే, జీవుడిని కర్మకు కట్టివేసేవే.

బౌద్ధ సన్యాసుల నియమాలు చెప్పే పాలి వినయపిటకంలో ‘పండక’ సన్యాసదీక్షకు అనర్హుడు. ప్రాచీన వ్యాఖ్యాత బుద్ధఘోషుని వ్యాఖ్య ఐదు రకాల పండకులను చెబుతుంది కాబట్టి ఆ మాటను నపుంసకుడనో స్వలింగ సంపర్కుడనో తేల్చేయడం సాహసమే. అదే వినయం, భిక్షువుకు స్త్రీ చిహ్నాలు కలిగితే ఆ వ్యక్తిని భిక్షుణులలో చేర్చాలని విధించింది.

ఇంకొకరు:
ఖురాన్‌లో లూత్ ప్రవక్త తన జనాన్ని నిలదీసినప్పుడు (7వ అధ్యాయం, 80, 81 వచనాలు) వాడిన మాట ‘ఫాహిష’, అంటే నీతిమాలిన పని. ‘లివాత్’ అన్నది ఆ ప్రవక్త పేరు మీదుగా తరువాతి ధర్మశాస్త్రజ్ఞులు పురుషుల మధ్య సంభోగానికి స్థిరపరచిన పారిభాషిక పదం. ఆ చేష్ట నిషిద్ధమనడంలో ప్రధాన ధర్మశాస్త్ర శాఖలన్నీ ఏకీభవిస్తాయి. శిక్ష విషయంలోనే భేదాలు. ఉభయలింగ చిహ్నాలతో పుట్టినవారికి ‘ఖున్సా’ అని పేరు పెట్టి వారసత్వానికి వేరే లెక్కలు చెప్పారు. స్త్రీల నడవడి గల పురుషుడికి ‘ముఖన్నస్’ అన్న మాట ముహమ్మద్ ప్రవక్త మాటలు, చేతల సంకలనాలైన హదీసులలో ఉంది. ఈ పేర్లు వేరువేరు గనుకనే, స్వలింగ చేష్టలకు మరణశిక్ష దాకా విధించే ఇరాన్‌లో, ఆ దేశపు మతనాయకుడు ఖొమేనీ ఇచ్చిన ఫత్వా ఆధారంగా లింగమార్పిడి చికిత్సకు అనుమతి ఉంది.

ప్రశ్న అడిగినవారికి చివరగా: మూలంలోని ‘పురుషసంయోగులు’ను అలాగే ఉంచండి. ‘ఆడంగితనము’ నేటి పాఠకుడికి తిట్టులా వినిపిస్తుంది కనుక అక్కడ మూలపదపు అర్థఛాయలు తెలిపే అడుగుజ్ఞాపిక ఒకటి అవసరం. ‘స్వలింగ సంపర్కులు’ అన్న మాటను ఆయా మతసంస్థలు ఈ కాలంలో చేసిన ప్రకటనలను వివరించే భాగానికి దాచుకోండి. అక్కడ అది సరిపోతుంది.