మెజారిటీ వర్గమే అన్యాయం చేస్తే ప్రతినిధుల పాలన ఏం చేయగలదు?

మురళీనగర్ అమ్మమ్మ:
మా కాలనీ పార్కులో సగం కార్లకు కావాలని సంఘం సమావేశంలో చేతులెత్తించి తీర్మానం చేశారు. కార్లున్నవాళ్లే ఎక్కువ. సాయంత్రం అక్కడ కూర్చునే ముసలివాళ్లం, పిల్లల తల్లులు ఓడిపోయాం. గ్రూప్-1కు చదువుతున్న మా మనవడేమో దీనికి అమెరికా రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్ 1787లోనే మందు చెప్పాడంటాడు. ఓట్లు వాళ్లవే అయినప్పుడు ఏ మందు పనిచేస్తుంది?

విశ్రాంత అధ్యాపకుడు:
మీ మనవడు సగమే చెప్పాడమ్మా. మనుషులకు స్వేచ్ఛ ఉన్నంతకాలం వర్గాలు ఉంటాయనీ, ఆస్తుల్లో తేడాలే వాటికి అన్నిటికన్నా గట్టి పునాది అనీ మాడిసన్ అన్నాడు. చిన్న ముఠాను ఓటు ఓడిస్తుంది. ఆయన భయమంతా మీ కార్లవాళ్ల లాంటి మెజారిటీ గురించే. దానికి ఆయన చెప్పిన మందు పెద్ద పరిధిలో ప్రతినిధుల పాలన. పరిధి పెరిగితే రకరకాల ప్రయోజనాలు వచ్చి చేరతాయి, ఒకే కోరిక మీద ఎక్కువమంది కూడటం కష్టమవుతుంది. మీ కాలనీలో కార్లవాళ్లు మెజారిటీ కావచ్చు, 98 వార్డుల విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో ఆ లెక్క నిలవదు. పైగా లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలం మీద హక్కు కార్పొరేషన్‌ది. సంఘం చేతులెత్తినంత మాత్రాన అది పార్కింగు కాదు. లేఅవుట్ ప్లాను నకలు తీయించండి.

విశాఖ పెదజాలరిపేట మత్స్యకారుడు:
రాసిన నిబంధన నీళ్ల దాకా రావాలి కదా మాస్టారూ! తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకే అని ఉంది. అయినా 2022 జనవరిలో చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల మీద మా తీరంలో గొడవ పడవలు తగలబడేదాకా పోయింది. రెండు వైపులా మత్స్యకారులే. నిబంధన రాసేది దూరాన ఉన్నవాళ్లు, దాన్ని అమలు చేయాల్సిన అధికారి మీద ఒత్తిడి తెచ్చేది దగ్గరున్న బలవంతులు.

గాజువాక ఉక్కు కార్మికుడు:
పరిధి పెరిగితే మేలే అనడం నాకు మింగుడుపడదు. 2021 జనవరిలో విశాఖ ఉక్కు కర్మాగారంలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదం తెలిపింది. ఇక్కడ కార్మిక సంఘాలన్నీ జెండాలు పక్కన పెట్టి ఒక్కటయ్యాయి. కానీ 543 స్థానాల లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్‌వి 25. మాడిసన్ లెక్కలో మేమూ ఒక వర్గమే, పలచబడాల్సింది మేమే! ప్రతినిధి సొంత బుద్ధితో ఆలోచిస్తాడని ఆయన నమ్మకం. 1985 నుంచి ఇక్కడ విప్, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు.

విశ్రాంత అధ్యాపకుడు:
విప్ సంగతి కాదనలేను. మాడిసన్ ఇలాంటి పార్టీ కట్టుబాటును ఊహించలేదు. అయితే గాజువాకలో నిలబడే అభ్యర్థి ఉక్కు, పోర్టు, చిన్న దుకాణాలు, అన్ని గడపలూ తొక్కాల్సిందే. ఒక్క వర్గాన్ని నమ్ముకుంటే గెలవడు. నేను చెప్పేది అంతవరకే.

మురళీనగర్ అమ్మమ్మ:
ప్లాను నకలుకు దరఖాస్తు పెట్టాం. ఈలోగా కార్లవాళ్ల పెద్దమనిషి కార్పొరేటర్‌ను టిఫినుకు పిలిచాడట. ఆదివారం మేమూ వెళ్లి కలుస్తాం, పిల్లల తల్లులందరినీ వెంటబెట్టుకుని.