తండాకో పంచాయతీనా, పది ఊళ్లకో కేంద్ర గ్రామమా?

ఆయకట్టు_రైతు:
1970 ప్రాంతంలో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ సామాజికాభివృద్ధి సంస్థ మన మిర్యాలగూడ తాలూకాను అధ్యయనం చేసింది. ఏ ఊళ్లో ఏముంది, జనం దేనికోసం ఎక్కడికి పోతున్నారు అన్నది చూసి, చుట్టుపక్కల ఊళ్లకు అందుబాటులో ఉన్న కేంద్ర గ్రామాల్లో సౌకర్యాలు పెంచాలని చెప్పింది. ఉన్న డబ్బుతో అన్నీ అన్ని ఊళ్లలో పెట్టలేం కాబట్టి అదే సరైన పద్ధతి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో దానికి పూర్తిగా ఎదురు నడిచాం. 500 జనాభా ఉన్న తండాలను కూడా పంచాయతీలు చేశారు. తెలంగాణలో ఎనిమిది వేల చిల్లర ఉన్న పంచాయతీలు పన్నెండు వేలు దాటాయి. ప్రతిదానికీ ఒక ట్రాక్టర్, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక). ఇంటిపన్ను డీజిల్‌కే చాలని చోట ట్రాక్టర్ కిస్తీ ఎట్లా కడతారు?

తండా_బిడ్డ:
అన్నా, మీరు చెప్పే కేంద్ర గ్రామం కిందే మేం చాలా ఏళ్లు ఉన్నాం. తండా బోరు మోటారు కాలితే ఎండాకాలమంతా పొలం బావి నుంచి నీళ్లు మోసుకున్నాం. సర్పంచ్‌ను అడిగితే ముందు ఊళ్లో పని అయిపోనీ అనేవారు. ఇప్పుడు వీధిలైటు పోతే సాయంత్రానికి వేస్తున్నారు. ఎందుకంటే సర్పంచ్ ఇల్లూ ఆ వీధిలోనే ఉంది.

ఆయకట్టు_రైతు:
నేనడిగింది ట్రాక్టర్ కిస్తీ గురించి. వీధిలైటు గురించి కాదు.

మండల_బస్టాండు:
ముందు బస్సు వేయించండి. కేంద్రం ఏ ఊరైనా పోతాం.

రిటైర్డ్_టీచర్:
ఇద్దరూ రెండు విషయాలను కలిపేస్తున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 30 వేల జనాభాకు ఒకటి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20 వేలకు ఒకటి. ఉపకేంద్రమైతే 5 వేలకు, 3 వేలకు. విద్యాహక్కు నిబంధనల్లో ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. పంచాయతీలు ఎన్ని పెరిగినా ఈ లెక్క మారదు. తండాకు సర్పంచ్ వచ్చినంత మాత్రాన మీ ఊరి ఆసుపత్రి ఎక్కడికీ పోదు.

ఆయకట్టు_రైతు:
సార్, లెక్కలు కాగితం మీద బాగుంటాయి. మా నాన్నకు రాత్రిపూట గుండెనొప్పి వస్తే మండల కేంద్రం ఆసుపత్రిలో డాక్టర్ లేడు. మిర్యాలగూడ తీసుకెళ్తుంటే దారిలోనే పోయారు. ఇన్ని చిన్న ఆఫీసులకు పోసే డబ్బు ఆ ఒక్క ఆసుపత్రికి పెడితే అట్లా జరిగేది కాదు.

తండా_బిడ్డ:
మీ నాన్నగారి విషయం వింటే బాధగా ఉంది అన్నా. కానీ ఆ డాక్టర్‌కు జీతమిచ్చేది ఆరోగ్య శాఖ, మా పంచాయతీ కాదు. కేంద్రంలో భవనం ఉండి కూడా రాత్రిపూట మనిషి లేడని మీరే చెప్తున్నారు. అంటే అన్నీ ఒకచోట పెట్టినా అది పనిచేయలేదు. ఆ కోపం మా మీద ఎందుకు?

ఆయకట్టు_రైతు:
ఎందుకో చెప్తా. మీరు వేరుపడ్డాక మా పంచాయతీకి ఏం మిగిలింది? జనాభా లెక్కన వచ్చే ఆర్థిక సంఘం నిధులు తగ్గాయి. రోడ్డు పక్క రైస్ మిల్లు మీ హద్దులోకి పోయింది, దాని పన్నూ మీకే. హైస్కూలు, పశువైద్యశాల, సంత మా ఊళ్లోనే ఉన్నాయి. వాటికి వచ్చే మీవాళ్ల కోసం కూడా రోడ్డు ఊడ్చేది, లైట్లు వేసేది మేమే. బరువు మాకు, ఆదాయం మీకు!

సాగర్_కాలువ:
అసలు గొడవ ఇప్పుడు బయటికొచ్చింది. ఇది మిల్లు పన్ను గొడవ.

తండా_బిడ్డ:
ఆ మిల్లు ఊక బూడిద పడేది మా ఇళ్ల మీద. పన్నుతో సీసీ రోడ్లు పడింది మాత్రం మీ వీధుల్లో. అప్పుడు బరువు ఎవరిదో మీరు అడగలేదు. హైస్కూలు, ఆసుపత్రి, కాలేజీ పెద్ద ఊళ్లోనే పెట్టండి, మా పిల్లలు వస్తారు, మేం ఎప్పుడూ కాదనలేదు. మా గురించి తీర్మానం రాసే పుస్తకం మాత్రం మా దగ్గరే ఉండాలి. పెద్ద ఊరు కాబట్టి నిర్ణయం కూడా పెద్ద ఊరిదే అంటే ఒప్పుకోం.

రిటైర్డ్_టీచర్:
సంతకు, హైస్కూలుకు అయ్యే పారిశుద్ధ్యం ఖర్చును వాడుకునే పంచాయతీలన్నీ పంచుకోవాలి. ట్రాక్టర్ మూడు తండాలకు ఒకటి చాలు. సర్పంచ్ మాత్రం ఎవరి సర్పంచ్ వారికే ఉండనివ్వండి. కేంద్ర గ్రామం పనులకు కేంద్రం కావాలి, పెత్తనానికి కాదు.

ఆయకట్టు_రైతు:
ట్రాక్టర్ ఉమ్మడిగా అంటే సరే. మిల్లు పన్ను సంగతి మాత్రం వదలను.

తండా_బిడ్డ:
వచ్చే గ్రామసభకు మా తండాకు రండి, పన్ను రిజిస్టర్ ముందు పెడతాం.

ఆయకట్టు_రైతు:
వస్తా. హద్దు రాళ్లు ఎక్కడ పాతారో కూడా చూపించాలి.