మా బ్లాకు కింద కోళ్లు: చంపించకుండా తగ్గించే దారి ఉందా?

నాలుగో అంతస్తు:

మేం సింగపూర్‌లో, పాసిర్ రిస్‌లోని ఒక హెచ్‌డీబీ (ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్ల) బ్లాకులో ఉంటాం. రెండేళ్ల కిందట ఇక్కడికి వచ్చినప్పుడు కింద చెట్ల దగ్గర రెండు పెట్టలు, ఒక పుంజు తిరుగుతుండేవి. మొన్న ఆదివారం లెక్కపెట్టాను. పెద్దవి పదకొండు ఉన్నాయి, అందులో పుంజులు నాలుగు. పిల్లలు తొమ్మిది. ఎవరూ పెంచుకునేవి కావు. రాత్రిళ్లు మా వంటింటి కిటికీకి ఎదురుగా ఉన్న చెట్టెక్కి పడుకుంటాయి. ఇక్కడ తెల్లారేది ఏడింటికి. కానీ నాలుగున్నర, ఐదు మధ్యే మొదటి పుంజు మొదలుపెడుతుంది, తర్వాత మిగతా మూడూ అందుకుంటాయి. మా వారు షిఫ్ట్ అయ్యాక ఇంటికి చేరేసరికి రాత్రి రెండు. బాబుకి పద్నాలుగు నెలలు, మొదటి కూతకే లేచి కూర్చుంటాడు. ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

అసలు సంగతి ఇంకొకటుంది. మా అమ్మ భీమవరం దగ్గర పల్లె నుంచి వచ్చి రెండు నెలలైంది. రోజూ పొద్దున్నే రాత్రి మిగిలిన అన్నం గిన్నెలో పెట్టుకుని కిందకి దిగుతుంది. ఎర్ర పుంజుని డేగ అంటుంది, నల్లదాన్ని కాకి అంటుంది. నాన్న పోయాక దొడ్లో కోళ్లన్నీ అమ్మేసి వచ్చింది. ఇక్కడ భాష రాదు, తెలిసినవాళ్లు లేరు. బయటికి వెళ్లడానికి ఆమెకి ఆ గిన్నెడు అన్నమే కారణం. దాన్ని ఆపమని ఎలా చెప్పను?

ఆరో అంతస్తు ఆయన కంప్లైంట్ ఇస్తానన్నారు. ఆయన్ని తప్పుపట్టను, ఆయనకీ నిద్ర లేదు. కానీ 2017లో ఇక్కడే సిన్ మింగ్ ఎవెన్యూ దగ్గర చప్పుడు భరించలేమని ఇరవై ఫిర్యాదులు వెళ్తే అధికారులు 24 కోళ్లని చంపేశారని చదివాను. మా అమ్మ ఇక్కడుండగా అలాంటిది జరగడం నాకు ఇష్టం లేదు. దారి తెలిసినవాళ్లు చెప్పండి.

సింగపూర్‌లో పదిహేనేళ్లు:

చెల్లీ, ముందు ఆ అన్నం ఆగాలి. అది ఆగకుండా ఏం చేసినా నిలవదు. తిండి దొరికే చోటే పెట్టలు పొదిగి పిల్లల్ని లేపుతాయి. పైగా అన్నం పడిన చోటికి పావురాలు, గోరింకలు వస్తాయి. అడవి జంతువులకి, పక్షులకి తిండి పెట్టకూడదని 2020 జూన్ నుంచి ఇక్కడ చట్టం ఉంది. పావురాలు కూడా అందులోకే వస్తాయి. మొదటిసారి దొరికితే 5,000 డాలర్ల దాకా జరిమానా. అమ్మగారికి ఈ మాట తప్పకుండా చెప్పాలి.

ఇంకో విషయం. ఆ పుంజుల కాళ్లు, చెవుల దగ్గర మచ్చ చూడండి. కాళ్లు బూడిదరంగులో ఉండి, చెవి దగ్గర తెల్లమచ్చ ఉంటే అది ఈ నేల అడవికోడి కావచ్చు. పులావ్ ఉబిన్ దీవిలో ఇవి బాగా కనిపిస్తాయి. కూత కూడా చివర్లో టక్కున తెగిపోతుంది. నాటుకోడి కూతలా సాగదు. కాళ్లు పసుపుగా ఉంటే చాలావరకు పెంపుడు జాతివే.

ఫిర్యాదు ఇవ్వడానికి భయపడకండి. ఆరో అంతస్తు ఆయనతో కలిసి మీరే రాయండి. కోళ్లు పడుకునే కొమ్మలు నరికించమని, గుడ్లు తీయించమని, వీలైతే వేరే చోటికి తరలించమని స్పష్టంగా అడగండి. ఏం కావాలో రాయకుండా ఉత్త చప్పుడు గురించే రాస్తే, నిర్ణయం పూర్తిగా అధికారుల చేతుల్లోకి వెళ్తుంది.

గన్నవరం పశువైద్యుడు:

పుంజుల్ని పట్టుకుపోతే కూత ఆగుతుందని చాలామంది అనుకుంటారు. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు దీనిమీద పరిశోధన చేశారు. 2013లో తేలింది ఏంటంటే, పుంజు వెలుతురు చూసే కూయదు, దాని ఒంట్లోని గడియారమే తెల్లారబోతోందని ముందుగా చెబుతుంది. మీరు రాసిన టైము దానికి సరిగ్గా సరిపోయింది. గుంపులో పెద్ద పుంజు ముందు కూస్తుందని, దాన్ని తీసేస్తే రెండోది ఆ పని అందుకుంటుందని 2015లో చెప్పారు. అంటే డేగని పట్టుకెళ్లినా రేపు కాకి మొదలుపెడుతుంది.

సంఖ్య తగ్గాలంటే గుడ్ల దగ్గరే ఆపాలి. పెట్ట 21 రోజులు పొదుగుతుంది. గుడ్లన్నీ ఎత్తుకుపోతే మళ్లీ పెట్టడం మొదలుపెడుతుంది. వాటి బదులు ఉత్తుత్తి గుడ్లు పెడితే వాటిమీదే చాలా రోజులు కూర్చుంటుంది. ఈ పని మీరు సొంతంగా చేయొద్దు. అడవికోడి గూడైతే ఇబ్బందుల్లో పడతారు, అధికారులకి చూపించండి. చచ్చిన కోడి కనిపిస్తే ముట్టుకోవద్దు, బాబుని దగ్గరికి పోనివ్వొద్దు.

హోనలులు నుంచి:

ఇక్కడ హవాయిలో మాదీ ఇదే గోల. పక్కనున్న కవాయి దీవిలో మరీ ఎక్కువ. 1982లో, 1992లో వచ్చిన తుఫాన్లకి పెరటి కోళ్లు చెదిరిపోయి అడవిలో కలిశాయని చెబుతారు. అక్కడ ముంగిసలు స్థిరపడలేదు కాబట్టి గుడ్లు తినేవి తక్కువ. బోన్లు పెట్టి పట్టడానికి చాలా డబ్బవుతుంది, తిండి దొరుకుతుంటే మళ్లీ అన్నీ వచ్చేస్తాయి. మా వీధిలో ఒక్క ఇల్లు గింజలు చల్లడం మానేశాకే తేడా తెలిసింది.

నాలుగో అంతస్తు:

మూడు వారాలైంది, జరిగింది రాస్తున్నాను.

అమ్మకి జరిమానా గురించి చెబితే పట్టించుకోలేదు. "ఇవి ఇంకా పెరిగితే చంపేస్తారమ్మా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. మర్నాడు గిన్నె తీయలేదు. మొదటి వారం కోళ్లు లిఫ్ట్ దగ్గరికే వచ్చి నిలబడేవి, అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ కష్టంగానే అనిపించింది.

ఆరో అంతస్తు ఆయన, నేను కలిసి ఉత్తరం రాశాం. ఇద్దరు మనుషులు వచ్చి చూశారు. గూళ్లు ఎక్కడో వాళ్లకి దొరకలేదు. అమ్మ ఒక పెట్ట అరుపు విని, "గుడ్డు పెట్టి లేచింది" అని నేరుగా పొదల వెనక్కి తీసుకెళ్లింది. ఒక గూట్లో ఏడు, ఇంకో గూట్లో నాలుగు గుడ్లున్నాయి. నేను పక్కన నిలబడి ఆమె చెప్పింది వాళ్లకి ఇంగ్లీషులో చెప్పాను. కాళ్లన్నీ పసుపే, అడవికోళ్లు కావన్నారు. గుడ్లు తీసుకెళ్లారు. కొమ్మలు పోయిన వారం నరికారు.

కూతలు ఆగలేదు. కానీ పుంజులు ఇప్పుడు కార్ పార్కు అవతలి చెట్టు మీద పడుకుంటున్నాయి. కిటికీ మూస్తే బాబు ఆరింటి దాకా పడుకుంటున్నాడు. అమ్మ ఇప్పటికీ పొద్దున్నే కిందకి దిగుతుంది, గిన్నె లేకుండా. ఆరో అంతస్తు ఆయన కూడా అదే టైముకి దిగుతున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. మూడో పెట్ట గూడు ఎక్కడో తనకి తెలుసని, రేపు ఆయనకి చూపిస్తానని అమ్మ అంటోంది.