విచెంజా సైనిక స్థావరం నుంచి ఒక్కరోజులో చూసి రాదగిన చిన్న పాత ఊళ్లు

కొత్త కాపురం:
మా వారికి విచెంజాలోని ఎడెర్లే అమెరికన్ స్థావరానికి బదిలీ కావడంతో మేము ఇటలీకి వచ్చి రెండు నెలలు కావస్తోంది. వెనిస్, వెరోనా చూశాం గానీ, ఆ జనసమ్మర్దంలో మనుషుల వీపులు తప్ప మరేమీ చూసినట్టు అనిపించలేదు. పొద్దున బయలుదేరి చీకటి పడేలోగా తిరిగి రాగలిగేంత దూరంలో, ఏడేళ్ల పిల్లవాడు విసుక్కోకుండా నడవగలిగే పాత ఊళ్లు ఏవో వెళ్లి వచ్చినవారు చెప్పగలరా?

కోటగోడ:
పిల్లవాడు ఉన్నాడంటున్నారు కనుక ముందుగా చిత్తదెల్లాకు వెళ్లండి. ట్రెవీజో నగరం వారు 12వ శతాబ్దం చివర కాస్తెల్‌ఫ్రాంకో కోటను కట్టుకోగా, దానికి పోటీగా పాదువా నగరం వారు 1220లో ఈ ఊరిని కట్టడం మొదలుపెట్టారు. దాదాపు ఒకటిన్నర కిలోమీటరు పొడవున ఊరిని చుట్టిన గోడ మీద, నేలకు సుమారు 15 మీటర్ల ఎత్తున, మొత్తం నడిచి రావచ్చు. ఒకవైపు కందకంలోని నీళ్లు, మరోవైపు ఇళ్ల పెరళ్లు, తీగల మీద ఆరేసిన దుప్పట్లు కనిపిస్తుంటే, మా అమ్మాయి కోటను మరిచిపోయి ఎవరింట్లో పిల్లి ఉందో వెతుకుతూ చుట్టంతా పూర్తి చేసింది. మెట్లు ఎక్కాలి కాబట్టి చంటిపిల్లల బండి తీసుకెళ్లకపోవడమే మేలు.

రైలు ప్రయాణికుడు:
పై మాటకు చిన్న చేర్పు. విచెంజా నుంచి ట్రెవీజో వెళ్లే రైలు చిత్తదెల్లాలోనూ, ఆ తర్వాత కాస్తెల్‌ఫ్రాంకోలోనూ ఆగుతుంది కనుక, ఒకనాటి ఈ శత్రువులిద్దరినీ ఒకే రోజున చూడవచ్చు. కాస్తెల్‌ఫ్రాంకో చిత్రకారుడు జోర్జోనే పుట్టిన ఊరు. ఆయన గీసిన మేరీమాత చిత్రం ఇప్పటికీ అక్కడి ప్రధాన చర్చిలోనే ఉంది. పెద్ద మ్యూజియంలో వంద చిత్రాల మధ్య చూడడానికీ, దాన్ని ఏ ఊరి కోసం గీశారో ఆ ఊరిలోనే చూడడానికీ ఉన్న తేడా నాకు అక్కడే తెలిసింది. చర్చి మధ్యాహ్నం మూసి ఉండవచ్చు కనుక, పొద్దున ముందు అక్కడికే వెళ్లి, తిరుగు దారిలో చిత్తదెల్లాలో దిగడం మంచిది.

చదరంగం బల్ల:
మరోస్తికాను ఎవరూ ప్రస్తావించకపోవడం ఆశ్చర్యంగా ఉంది. సరిసంఖ్య సంవత్సరాల్లో, సెప్టెంబరులో, అక్కడి చౌకులో మనుషులే పావులై చదరంగం ఆడతారు. ఇద్దరు యువకులు ఒక కన్య కోసం 1454లో ఆడిన ఆట అని చెప్పే కథ కల్పితమే. ఈ ఆట మొదలైంది 1923లో. ఆట లేని రోజుల్లోనూ నేలమీద గళ్లు అలాగే ఉంటాయి కాబట్టి పిల్లలు వాటి మీదే గుర్రాలై గెంతుతారు. నన్నడిగితే మామూలు రోజే నయం. ఊరికి రైలు లేదు, బస్సులోనో కారులోనో వెళ్లాలి.

వంతెన:
మరోస్తికా దాకా వెళ్లినవారు పక్కనే ఉన్న బస్సానోను వదలకండి. బ్రెంతా నది మీది చెక్క వంతెనకు 1569లో వాస్తుశిల్పి పల్లాదియో నమూనా గీశాడు. వరదలకూ యుద్ధాలకూ కూలిన ప్రతిసారీ దాన్ని ఇంచుమించు అదే రూపంలో నిలబెట్టుకుంటూ వచ్చారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1948లో ఆల్పీని అనే పర్వతదళ సైనికుల చొరవతో పునర్నిర్మించడం వల్ల, ఆ వంతెనను వారి పేరుతోనే పిలుస్తున్నారు. సైనిక కుటుంబాలవారు చూసి తీరవలసిన చోటు అది.

ఒక్క హెచ్చరిక: ఈ పాత ఊళ్ల నడిబొడ్డున చాలాచోట్ల బయటి వాహనాలకు ప్రవేశం ఉండదు. ఎర్రటి వలయం కింద జెడ్‌టీఎల్ అని రాసి ఉన్న బోర్డును గమనించక ఒక ఊరిలో నేను లోపలికి పోనిచ్చాను. ఆపినవారు లేరు గానీ, కెమెరా తీసిన ఫొటో ఆధారంగా కొన్ని నెలల తర్వాత జరిమానా కాగితం ఇంటికి వచ్చింది. గోడ బయటే కారు నిలిపి నడవండి.

కొత్త కాపురం:
అందరికీ ధన్యవాదాలు. మొన్న ఆదివారం రైలులో రెండు ఊళ్లూ చూసి వచ్చాం. కోటగోడ అమ్మగారూ, మావాడికి మూడు పిల్లులు కనిపించాయి. వచ్చే నెల మరోస్తికా, బస్సానో అనుకుంటున్నాం, కారును గోడ బయటే ఉంచుతాం.