స్కూలు గవర్నర్ల చైర్ (పాలకమండలి అధ్యక్షులు) జవాబివ్వకపోతే తర్వాత ఏం చేయాలి?

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ కింద ఉన్న ప్రైమరీ స్కూల్లో మా పాప ఇయర్ 3 చదువుతోంది. మేం శాకాహారులమని ఫారంలో రాసిచ్చినా సెప్టెంబరు నుంచి మూడుసార్లు ఫిష్ ఫింగర్లు వడ్డించారు. మూడోసారి పాప పక్కన బఠాణీలు మాత్రం ఏరుకుని తిని ఇంటికొచ్చింది.

క్లాస్ టీచరుతో మాట్లాడాను, హెడ్ టీచరుకు ఉత్తరం రాశాను. ‘చూస్తాం’ అన్న ముక్క తప్ప ఏమీ రాలేదు. స్కూలు ఫిర్యాదుల విధానం ప్రకారం క్లర్కు ద్వారా గవర్నర్ల చైర్‌కు ఈమెయిల్ పంపాను. 15 పనిదినాల్లో జవాబిస్తామని ఆ విధానంలోనే ఉంది, ఇప్పటికి 24 గడిచాయి. రెండుసార్లు గుర్తుచేశాను. పేరెంట్ గవర్నరును (తల్లిదండ్రుల్లోంచి పాలకమండలికి వచ్చిన సభ్యులను) గేటు దగ్గర అడిగితే, విడి ఫిర్యాదుల్లో తాను కలగజేసుకోకూడదన్నారు. అదీ సబబే.

చైర్ జవాబు లేకుండానే తర్వాతి మెట్టయిన గవర్నర్ల ప్యానెల్ (కొందరు గవర్నర్లు కలిసి ఫిర్యాదు వినే బృందం) విచారణ కోరవచ్చా? ఇలా చేసినవారు ఎవరైనా ఉన్నారా?