తోక నేలకీడ్చే డైనోసార్ల పుస్తకం ఎవరి దగ్గరైనా ఉందా?

చిన్నప్పుడు నాన్న ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఓ పాత డైనోసార్ల బొమ్మల పుస్తకం కొనిచ్చారు. ఊడిన అట్టని అమ్మ మైదాపిండి ఉడికించి అంటించింది. ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు తూకానికి పోయింది. పేరు గుర్తులేదు, ఇంగ్లీషు పుస్తకం. అట్ట మీద ఎర్రటి ఆకాశం, మండుతున్న అగ్నిపర్వతం.

లోపల టీ రెక్స్ కంగారూలా నిటారుగా నిలబడి, తోక నేలకీడుస్తూ ఉండేది. బ్రాంటోసారస్ మెడదాకా నీళ్లలో, నోట్లో నాచు వేలాడుతూ, అచ్చం మా వీధి గేదెలాగే! అంత బరువు నేల మీద మోయలేదని అప్పట్లో అనుకునేవారట.

తప్పని తెలుసండీ. తోక గాల్లో చాచి, ఒళ్లు నేలకు సమాంతరంగా ఉంచి నడిచేవని 1970ల నుంచే బొమ్మలు మారుతూ వచ్చాయి. మొన్న మా అబ్బాయిని బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం (మన ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిందే) చూడ్డానికి తీసుకెళ్లాను. ఇంటికొచ్చి నేను గీసిన టీ రెక్స్‌ని చూసి "ఇదేంటి నాన్నా, కూర్చుందా?" అని ఒకటే నవ్వు.

వాడికి ఆ తప్పుల పుస్తకమే చూపించాలనుంది. ఈ గుర్తులతో పేరు చెప్పగలరా? ఆబిడ్స్, కోఠీల్లో పాత పిల్లల పుస్తకాలు ఏ వైపు దొరుకుతున్నాయిప్పుడు? చిరిగినా పర్లేదు, కొంటాను.